తొందరేమీ లేదు

ఆయన్ని ఆఫీసులో అందరూ భూతద్దం అనేవారు. మొహం మీదే అనేవారు, ఆయనా పలికేవాడు. బీమా కంపెనీలో నష్టాల తనిఖీ ఆయన పని. దుకాణం తగలబడిందనో, గోదాములోకి నీళ్లొచ్చాయనో ఎవరైనా డబ్బడిగితే, అది కాలిందా, కాల్చారా అన్నది చూసి చెప్పాలి. ఒకసారి ఒక పెద్దమనిషి కుట్టుమిషన్లన్నీ మంటల్లో పోయాయని గుండెలు బాదుకుంటుంటే, భూతద్దం బూడిదని పుల్లతో కెలికి, "మరి ఇనుము ఎక్కడికి పోయిందండీ?" అని మెల్లిగా అడిగాడు. ఆయన అలా మెల్లిగా అడగడానికే చాలామందికి చెమటలు పట్టేవి.

ఆ గుణాన్ని సాయంత్రం ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చినా బాగుండేది. అది కూడా ఆయనతోపాటే ఇంటికొచ్చేది. పాల ప్యాకెట్టు మీద తేదీ చూడాలి, కుళాయి బాగుచేసినవాడు తీసేసిన పాత వాషరు చూడాలి, ఎవరైనా బహుమతి ఇస్తే ముందు డబ్బా తిరగేసి అడుగు చూడాలి. ఆయన భార్య మందుల షాపులో పనిచేసేది. "నన్ను మాత్రం ఏ ఆరా తీయకుండా ఎలా చేసుకున్నారో" అని అప్పుడప్పుడూ దెప్పేది. ఆయన వినపడనట్టు ఊరుకునేవాడు, ఎందుకంటే అప్పట్లో బాగానే ఆరా తీశాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు, పదకొండో తరగతి. మాటలొచ్చిన దగ్గర్నుంచీ ప్రతిదానికీ ఎందుకని ఎదురు ప్రశ్న వేసేది కాబట్టి ఇంట్లో లాయరమ్మ అయి కూర్చుంది. చిన్నప్పుడు ఒకరోజు బెలూన్లవాడు "ఇది పగలనే పగలదు పాపా, ఇదొక్కటే మిగిలింది, తొందరగా కొనుక్కో" అంటే నమ్మి కొనుక్కుంది. అది గుమ్మంలోకి రాకముందే పగిలిపోతే ఏడ్చుకుంటూ వచ్చింది. తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఎవరు చెప్పారో కాదమ్మా, ఎందుకు చెప్పారో చూడు. ఎవరైనా తొందరపెడితే అక్కడే ఆగు." పిల్ల ఆ రెండు ముక్కలూ ఎక్కాల్లా అప్పజెప్పేది. ఆయన వచ్చినవాళ్లందరి ముందూ అప్పజెప్పించి మురిసిపోయేవాడు.

ఆ వేసవిలో గొడవ తెచ్చిపెట్టింది బావమరిది. అతను బడిలో లెక్కలు చెబుతాడు. ఎప్పుడో చదరంగం ఆడుతూ బావగారి గుర్రాన్ని జేబులో వేసుకున్న పాపానికి భూతద్దం ఈనాటికీ అతని మాట పూర్తిగా నమ్మడు. అలాంటివాడు వచ్చి, ఒక టెక్నాలజీ కంపెనీ వాళ్లు సెలవుల్లో హైస్కూలు పిల్లల్ని ఇంటర్న్‌షిప్‌కి తీసుకుంటున్నారనీ, పైగా జీతం కూడా ఇస్తారనీ, లాయరమ్మ పరీక్ష రాసి నెగ్గిందనీ చెప్పాడు. పిల్ల కళ్లు వెలిగిపోతున్నాయి. వాళ్లమ్మ పిల్ల నెత్తి నిమిరింది. భూతద్దం మాత్రం చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

జీతం అన్నమాటే ఆయనకి గొంతు దిగలేదు. డబ్బు కట్టించుకుని నేర్పిస్తామంటే అర్థం చేసుకోవచ్చు, అది వ్యాపారం. ఊరికే నేర్పిస్తామన్నా, ఎవరికో మంచిపేరు కావాలని సరిపెట్టుకోవచ్చు. మీసాలు కూడా రాని పిల్లలకి ఎదురు డబ్బిచ్చి కూర్చోబెడతామంటే, ఆ పిల్లల దగ్గర వాళ్లకి కావాల్సింది ఇంకేదో ఉండాలి. అదేంటో తేలేదాకా సంతకం పెట్టనన్నాడు.

అందుకని స్వయంగా వెళ్లి చూశాడు. చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తు. గాజు తలుపులు, వరసగా తెల్లటి బల్లలు, గదిలో ఒక మూల ఎండుతున్న మొక్క. కుర్చీలు కొత్తవి. భూతద్దం జేబురుమాలు జారవిడిచి, తీసుకునే వంకతో కుర్చీ అడుగు చూస్తే అద్దె సామాన్ల కొట్టు చీటీ అంటించి ఉంది. సొంత కుర్చీలు కూడా లేని కంపెనీ అని మనసులో రాసుకున్నాడు.

పిల్లల బాధ్యత చూసే మేడమ్ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. ఏది అడిగినా కళ్లలోకి చూసి చెప్పింది. జీతం ఎందుకిస్తారంటే, ఊరికే చేయించుకునే పనిని చేసేవాళ్లూ లెక్కచేయరు, చేయించుకునేవాళ్లూ లెక్కచేయరు అంది. ఇంత నున్నగా జవాబు వచ్చిందంటే ముందే అద్దం ముందు నిలబడి సాధన చేసి ఉంటుందని భూతద్దం అనుకున్నాడు. ఆఖర్న ఆమె ఒక షరతు చెప్పింది. పిల్లలు ఇక్కడ ఏం చేస్తున్నారో, ఎవరికోసం చేస్తున్నారో బయట చెప్పకూడదు, ఇంట్లో కూడా చెప్పకూడదు. ఇక్కడ చేసే పని బయటికి పొక్కితే ఎందుకూ పనికిరాదట.

ఆ మాటతో ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. పిల్లచేత ఇంట్లో చెప్పకూడని పని ఏం చేయిస్తారు? అక్కడే లేచి వచ్చేసేవాడే. పక్కనే కూర్చున్న లాయరమ్మ మొహం చూసి ఆగిపోయాడు. అంతగా ఏదైనా కావాలని ఆ పిల్ల ఎన్నడూ అడగలేదు. సంతకం పెట్టి, నకలు అడిగి జేబులో పెట్టుకున్నాడు. వాళ్లిచ్చిన లాప్‌టాప్ ఇంటికి రాగానే, భార్య సంచిలోంచి ప్లాస్టర్ ముక్క తీసి దాని కెమెరా కంటికి తనే అంటించాడు.

అంతకుముందు లాయరమ్మ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఇప్పుడు భోజనాల దగ్గర "పని బాగుంది" అని మాత్రం అనేది. మధ్యాహ్నం ఏం తిన్నారన్నట్టు మొదలుపెట్టి, పక్కన ఎవరు కూర్చుంటారన్నట్టు తిప్పి, మొత్తానికి ఏం రాస్తుంటారన్నట్టు ముగించి ఆయన కూపీ లాగబోయేవాడు. ఎంత పెద్ద వ్యాపారస్తులైనా ఆ మూడో మలుపులో నోరు జారేవారు. కూతురు మాత్రం నవ్వి, "నాన్నా, అడిగిందే మొహం మార్చి అడుగుతున్నావు" అనేది. పక్కన వాళ్లమ్మ కూర వడ్డిస్తూ, ఇంతకాలానికి మీ పప్పులుడకని చోటు ఒకటి దొరికిందని సంబరపడేది. ఆయనకి ఒకపక్క గర్వంగానూ ఉండేది, ఒకపక్క అనుమానమూ పెరిగేది.

ఆ రోజుల్లోనే వాళ్ల బీమా ఆఫీసులో కొత్త తతంగం మొదలైంది. మోసపు మెయిళ్లు నమ్మి ఉద్యోగులు ఎక్కడపడితే అక్కడ నొక్కేస్తున్నారని, పైవాళ్లు ఎవరిచేతో ఉత్తుత్తి ఎర మెయిళ్లు పంపించడం మొదలుపెట్టారు. నొక్కినవాడి తెర మొత్తం ఒక్కసారిగా నారింజ రంగులోకి మారుతుంది. ఆ మనిషి సాయంత్రం ఒక గంట కూర్చుని పాఠం వినాలి. ఎదురు సీటాయన పార్సిల్ వచ్చిందంటే నొక్కాడు. లెక్కలు చూసే ఆవిడ బోనసంటే నొక్కింది. భూతద్దం పాఠం జరిగే గది గుమ్మంలో నిలబడి, బాగా చదువుకోండర్రా అని ఆటపట్టించి వచ్చేవాడు.

ఇంట్లోనూ ఇదే గొప్ప. ఒకరోజు అన్నం తింటూ, తనని బుట్టలో వేసేవాడు ఇంకా పుట్టలేదన్నాడు. లాయరమ్మ తలెత్తింది.

"నువ్వు దేనికీ పడవా నాన్నా?"

"నాకు ఎవడిచ్చేదీ వద్దు. ఇంక ఏం చూపించి పడేస్తారు?"

"మరి భయపెడితే?"

"దేనికి భయం? నా పనిలో ఎవరైనా తప్పు చూపిస్తే కదా."

పిల్ల ఆయన వంక కాసేపు అలాగే చూసి, కంచంలో చెయ్యి పెట్టుకుని ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది. ఎందుకలా చూసిందో ఆయనకి అప్పుడు తట్టలేదు. అన్నం చల్లారిపోతోందని గదమాయించాడు.

తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారిగా వాన కొట్టింది. లాయరమ్మ పెరట్లో బట్టలు తీయడానికి పరిగెత్తింది. భూతద్దం ఆమె గదిలో కిటికీ వేయడానికి వెళ్లాడు. కిటికీ వేశాడు కూడా. బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. చూడకూడదనే అనుకున్నాడు. అలా అనుకుంటూనే చూశాడు.

"మీ పార్సిల్ ఆగిపోయింది. చిరునామా సరిచేయడానికి ఇక్కడ నొక్కండి." దానికింద, "మీ ఖాతా ఈ సాయంత్రం మూసివేస్తున్నాము. వెంటనే ఇక్కడ నొక్కండి." పక్కన చిన్న అక్షరాల్లో తోటి పిల్లలెవరికో తన కూతురు రాసిన మాట ఉంది. "పెద్దవాళ్లు రెండోదానికి తొందరగా పడతారు."

ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. అద్దె కుర్చీలు, నున్నటి జవాబులు, ఇంట్లో చెప్పొద్దన్న షరతు, ఎదురిచ్చే జీతం, అన్నీ వరసగా వచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. పిల్లలైతే పట్టుబడినా పెద్ద శిక్షలుండవు. అందుకే పిల్లలు. జనానికి టోపీ పెట్టే ముఠా తన కూతురి చేత మోసపు మెయిళ్లు రాయిస్తోంది, తనేమో సంతకం పెట్టి మరీ పంపించాడు.

మరి తన ఆఫీసులో రోజూ చూస్తున్న ఎర మెయిళ్లు ఇలాంటివే కదా అని ఆయనకి గుర్తు రాలేదా అంటే, రాలేదు. వేరే ఎవరి గోదామో అయితే నాలుగు వైపులా తిరిగి చూసి గానీ పెదవి విప్పేవాడు కాదు. సొంత పిల్ల కావడంతో అద్దాన్ని ఒక్కదాని మీదే ఆనించి పెట్టాడు, మిగతాదంతా మసకబారిపోయింది. అనుమానం మనిషికి బుర్ర పదునుగా ఉంటుందంటారు గానీ, ఒకసారి తేల్చేసుకున్నాక అతనంత మొద్దు ఇంకెవడూ ఉండడు.

తడిసిన బట్టలతో లోపలికొచ్చిన లాయరమ్మ ఆయన్నీ, తెరనీ చూసి తెల్లబోయింది. అది చూడకూడదు నాన్నా అంది. నువ్వనుకునేది కాదంది. మరేంటో చెప్పమంటే నీళ్లు నమిలింది. చెప్పకూడదు, మాటిచ్చాను, మేడమ్‌ని అడుగు అంది. దొంగతనం చేసేవాళ్లనే వెళ్లి దొంగతనం గురించి అడగమంటావా అని ఆయన కేకలేశాడు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంతగా లేవడం అదే మొదలు. వాళ్లమ్మ వచ్చి, అడిగితే పోయేదేముందండీ, ఒక్క మాట అడగండి అని సర్దిచెప్పబోయింది. ఆయన వినలేదు. రేపట్నుంచి పిల్ల వెళ్లేది లేదన్నాడు.

లాయరమ్మ తర్కించలేదు, అదే విచిత్రం. బట్టలు మంచం మీద పెట్టి, "అక్కడ నేను చెప్పింది వింటారు నాన్నా" అంది. అంతే, వాళ్లు బయటికి రాగానే గది తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే భూతద్దం లాప్‌టాప్ తీసుకెళ్లి మేడమ్ బల్ల మీద పెట్టాడు. కారణం అడిగితే ఆరోగ్యం బాగోలేదని అబద్ధం చెప్పాడు. మధ్యాహ్నం పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలని నిర్ణయించుకున్నాడు, ఆలోపు వీళ్లకి అనుమానం రాకూడదు. మేడమ్ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఆ చోటుకోసం ఇంకో పిల్ల ఎదురుచూస్తోందనీ, రేపు పొద్దున ఆ పిల్లని పిలుస్తాననీ, ఈలోగా మనసు మారితే చెప్పమనీ అంది. మనసు మారదని ఆయన అన్నాడు.

ఆఫీసుకొచ్చి కూర్చున్నాడే గానీ మనసు మనసులో లేదు. పోలీసులకి చెబితే పిల్ల పేరు కూడా బయటికొస్తుందేమో, చెప్పకపోతే ఇంకెందరి కొంపలు మునుగుతాయో. ఆ తర్జనభర్జనలో ఉండగా ఒక మెయిల్ వచ్చింది.

"గోదాము అగ్నిప్రమాదంపై మీరు చేసిన తనిఖీలో పొరపాటు ఉందని ఒకరు మాకు తెలియజేశారు. వారు మిమ్మల్ని బాగా ఎరిగినవారు. వారి పేరు, వారు చెప్పిన విషయం ఇక్కడ ఉన్నాయి. తొందరేమీ లేదు. మీకు వీలున్నప్పుడు చూడండి."

ఆయన చేసిన తనిఖీలో పొరపాటట. ఒళ్లంతా వేడెక్కింది. తలెత్తి ఎదురు సీటాయన్ని చూశాడు. మొన్న పెన్ను అడిగినప్పుడు ఒక రకంగా నవ్వాడు. లెక్కల ఆవిడ ఈమధ్య పలకరించడం తగ్గించింది. బావమరిదికి నోరు ఊరుకోదు, ఎక్కడ ఏం వాగాడో. నిన్నటినుంచీ భార్య కూడా మూతి ముడుచుకునే ఉంది. ఒక్కొక్క మొహమే కళ్లముందు ఆగి వెళ్లింది. ఎవరన్నది తేలకపోతే ఊపిరాడేలా లేదు.

నొక్కాడు.

తెర మొత్తం నారింజ రంగులోకి మారింది.

ఆ రంగు గది ఆ చివరికి కూడా కనిపిస్తుంది. ముందు ఎదురు సీటాయన లేచి చూశాడు. తర్వాత లెక్కల ఆవిడ. అప్పుడెవరో, "భూతద్దం బుట్టలో పడిందిరోయ్" అన్నారు. నవ్వులు గోడలకి తగిలి తిరిగొచ్చాయి. ఇంతకాలం గుమ్మంలో నిలబడి ఆటపట్టించినందుకు ప్రతి ఒక్కరూ బాకీ తీర్చుకున్నారు. ఆయనకి అదేదీ చెవికెక్కలేదు. తెర మీద రాసి ఉన్నది చదువుతున్నాడు.

"ఇది అభ్యాసం కోసం పంపిన మెయిల్. తొందరపెడితే ఆగాలని మీకు తెలుసు. తొందరలేదన్నప్పుడు కూడా ఆగండి. ఎవరు చెప్పారో కాదు, ఎందుకు చెప్పారో చూడండి."

ఆ అడుగున, కూతురు భుజాన వేసుకెళ్లే లాప్‌టాప్ సంచి మీద ఉన్న గుర్తే ఉంది.

ముందు సిగ్గేసింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా మొహం మీదికి రాకముందే పొద్దున తను చేసి వచ్చిన పని గుర్తొచ్చింది. మోసం చేయడం కాదు, మోసపోకుండా కాపాడటం నేర్పిస్తున్నారు అక్కడ. ముందే తెలిస్తే ఎర ఎరగా పనిచేయదు, అందుకే ఆ రహస్యం. తెర మీది మాటల్లో సగం పిల్ల తన ఒళ్లో కూర్చుని నేర్చుకున్నవి. ఒక్క మాట అడగమని ఇద్దరూ బతిమాలితే అడగలేదు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాల్సిన మనిషి చెప్పుల దుకాణం మెట్లెక్కాడు. అమ్మాయి ఆరోగ్యం ఎలా ఉందని మేడమ్ అడిగింది.

"బాగోనిది నాకండీ" అన్నాడు భూతద్దం.

జరిగినదంతా దాచకుండా చెప్పేశాడు, లాప్‌టాప్ చూసిన సంగతితో సహా. ఆ మెయిల్ ఎవరు రాశారని అడిగితే మేడమ్ తల అడ్డంగా ఊపింది. ఆ షరతు పిల్లలకే కాదు, తనకి కూడా ఉందట. చోటు ఇంకా ఖాళీగానే ఉందనీ, అయితే ఆ మాట పిల్ల తనంతట తాను ఫోన్ చేసి చెప్పాలనీ అంది. ఒకరోజు లాక్కెళ్లి ఇంకోరోజు తోసేస్తే ఏ పిల్లకీ పనిమీద మనసు నిలవదంది. ఈసారి జవాబు నున్నగా ఉందని ఆయనకి అనిపించలేదు.

ఇంటికొచ్చేసరికి లాయరమ్మ గది తలుపు వేసే ఉంది. పొద్దుట్నుంచీ తినలేదని వాళ్లమ్మ సైగ చేసింది. భూతద్దం తలుపు తట్టలేదు. గుమ్మం దగ్గర నేలమీద కూర్చుని తలుపుకి వీపు ఆనించాడు.

"ఇవాళ ఆఫీసులో నేను బుట్టలో పడ్డానమ్మా."

లోపల్నుంచి కాసేపటికి గడియ తీసిన శబ్దం వచ్చింది.

"దేనికి?"

ఆయన చెప్పాడు. తొందరేమీ లేదన్న ముక్క దగ్గరకి వచ్చేసరికి పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వే రాశావా అని అడగబోయి, నాలుక చివరి దాకా వచ్చినదాన్ని మింగేశాడు. అడిగితే చెప్పకూడదంటుంది, ఆ మాట మళ్లీ అనిపించడం ఎందుకు. తప్పు తనదేననీ, అడగకుండా తేల్చేశాననీ, మేడమ్ ఫోన్ చేయమందనీ వరసగా చెప్పేశాడు. అంతసేపూ నేలనే చూశాడు.

లాయరమ్మ ఆయన ఎదురుగా గుమ్మానికి అటువైపు కూర్చుంది. పని గురించి ఆలోచించేటప్పుడు ఉండే మొహం అది, ఇన్నాళ్లూ భోజనాల దగ్గర ఆయన చూసినదే.

"నొక్కేముందు ఎవరి పేరుంటుందనుకున్నావు నాన్నా?"

ఎదురు సీటాయన పేరు చెప్పాడు. లెక్కల ఆవిడ, మీ మామయ్య, మీ అమ్మ అన్నాడు. వంటింట్లోంచి గిన్నె చప్పుడైంది. అక్కడితో ఆపేయొచ్చు. నష్టాల తనిఖీలో సగం చెప్పి ఊరుకునేవాళ్లని ఆయన చాలామందిని చూశాడు.

"ఆఖర్న?" అని అడిగింది కూతురు, మెల్లిగా.

"నువ్వనుకున్నాను" అన్నాడు. "పొద్దున నీ లాప్‌టాప్ లాక్కుపోయాను కదా. కోపంతో ఏదైనా చెప్పావేమోనని."

లాయరమ్మ మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. ఏడుస్తుందేమోనని ఆయన భయపడ్డాడు. ఏడవలేదు. మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, ఎటో చూస్తూ అంది.

"రాసేటప్పుడు అనుకున్నాను, నువ్వు అందరి పేర్లూ అనుకుంటావని. నాది మాత్రం అనుకోవనుకున్నా."

భూతద్దం చెయ్యి చాచి పిల్ల పాదం మీద పెట్టాడు. పిల్ల కాలు వెనక్కి తీసుకోలేదు, అంతవరకే. కాసేపయ్యాక లేచి వెళ్లి మేడమ్‌కి ఫోన్ చేసింది. మర్నాడు సంచి భుజాన వేసుకుని వెళ్లింది, వెనకాల ఎవరూ వెళ్లలేదు.

ఆ వేసవి మొత్తంలో లాయరమ్మ ఇచ్చిన మాట తప్పింది ఆ ఒక్కసారే, 'రాసేటప్పుడు' అన్న ఆ ఒక్క ముక్కతోనే. ఆ సంగతి భూతద్దం ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు, వంటింట్లోంచి అంతా విన్న భార్యకి కూడా.